ముంతమామిడి రంగుది

పలాసలో రాత్రి పదిన్నర.
జీడిపిక్కలు కొట్టొచ్చిన చేతులు
బూడిదతో తోమినా నలుపు వదలవు.
ఆ చేతుల్తోనే ఫోను తీస్తాను.

గుర్రాలసాలలో దీపం వెలుగుతుంది.
దానా వేసి, నీళ్ళు పెట్టి,
బొటనవేలితో జూలు దువ్వుతాను.
తల్లిది బూడిదరంగు.
తండ్రి, పేరు తెలీని ఆసామి నల్లగుర్రం,
ఒక్క పూటకి నాలుగొందల నాణేలు.
మూడ్రోజులకే ఈనింది.
పిల్లేమో ముంతమామిడి పండు రంగు!
"ఓలమ్మ, ఇదేటి ఇలాగుంది" అని
నిద్దరోతున్న దాలమ్మత్తని లేపి చూపించాను.

అడ్డుకర్ర దూకడం నేర్పడానికి నెల పట్టింది.
సిగ్నలు పోయినప్పుడల్లా
నాలుగు కాళ్ళూ ముడుచుకుని
గాల్లోనే ఆగిపోయేది.
దించుదామంటే చెయ్యి అందదు.

మొన్న పోటీలో తొమ్మిదోది.
నడక బాగుందన్నారు, మెడ పొట్టన్నారు.
మెడ నా పోలికే.

పొద్దున్న రేషను కాడ
మిషను మళ్ళీ ఒప్పుకోలేదు.
పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టాను.
జీడి తినేసిన గీతలు.
తుడుచుకు రమ్మన్నాడు డీలరు,
దేంతో తుడవాలో చెప్పలేదు.

రాత్రి అదే వేలు
అద్దం మీద ఆనించానో లేదో
సాల చివరి చీకట్లోంచి
చెవులు నిక్కించి వచ్చేసింది.

ఛార్జింగు నాలుగు శాతం.
ఇంకా దానా వెయ్యాలి.