మూడు వందల పన్నెండు సీసాలు

సోహార్‌ల టైర్ల దుకాణం మీది గదిల
మనీలాకు పోతా పోతా రోమెల్
నలభై రియాళ్లకు అమ్మిండు ఈ నల్ల డబ్బ.
ఒక రిమోటు మంచిగనే ఉంది,
ఇంకోదానికి ఎడమ పుల్ల
ఎవరు ముట్టకున్నా ఉత్తరానికి పోతది.

నేను పెద్ద ఆటగాణ్ని గాదు.
శుక్రవారం షట్టర్ దించినంక
బట్టలు ఆరేదాక, బియ్యం ఉడికేదాక, గంతే.
"నలభై ఏండ్లకు ఈ కత్తి పట్టుడేందిరా" అంటడు ఎల్లేశం,
అనుకుంటనే మంచం మీద ఇటు జరుగుతడు,
చూడనట్టు చూస్తడు.

మొదటి ఆట ముందుగాల ముక్కు ఎంచుకొమ్మన్నది.
ముక్కులే నలభై తీర్లు.
గదవ, చెంపలు, కనుబొమ్మల నడుమ జాగ,
గంటసేపు చెక్కి చెక్కి చూస్తే
మా పాత మేస్త్రి తయారయిండు.
పేరు కొట్టిన. ఎనిమిది అక్షరాలకు తెగింది.
రెసిడెన్స్ కార్డు మీద గూడ సగానికే తెగింది,
నాకు అలవాటే.

ఆట మంచిదే గని మాటలు ఎక్కువ.
రాజు మాట్లాడుతడు, రాజు తమ్ముడు మాట్లాడుతడు,
వంటామె గూడ ఆపదు.
నాకు మూడు జవాబులు ఇచ్చిన్రు:
సరే.
సరే గని పైసలెన్ని.
ఇప్పుడు గాదు.
ఏది నొక్కినా గదే గుహకు తోలిన్రు.
వీసా ఏజెంటు నయం, ఒక్క జవాబే ఇచ్చిండు.

రెండోదాంట్ల దయ్యం ఒక దెబ్బ కొట్టి ఆగుతది.
నా వంతు అయ్యేదాక
నిలబడి ఊపిరి తీస్తది, తీస్తనే ఉంటది.
నేను లేచి చాయ పెట్టుకొని వచ్చిన,
ఇంక నిలబడే ఉంది.
గంత మర్యాద ఉన్న దయ్యాన్ని
మా కస్టమర్లకు చూపెట్టాలె.

మూడో ఆటల సచ్చుడే పని.
మెట్ల కాడ ముసలి సిపాయొకడు
పంతొమ్మిది సార్లు సంపిండు నన్ను.
ఇరవయ్యో సారికి ఎల్లేశం లేచి
"ఇటు తే" అని గుంజుకొని
ఒక్క దెబ్బకే సచ్చి
"రిమోటు ఖరాబయింది" అన్నడు.

బరువు సంగతి మాత్రం మంచిగ రాసిన్రు ఎవరో.
సంచి నిండితే మనిషి ఉరకడు.
కత్తి, ఇంకో కత్తి, సచ్చినోని ఇనుప టోపి,
పదమూడు చీజు గడ్డలు,
ఏది పారేయ బుద్ధిగాదు.
మస్కట్ ఎయిర్‌పోర్టుల తూకం కాడ
పాలపొడి డబ్బ చేతుల పట్టుకొని
ఎనకున్నోళ్లు గునుస్తుంటే నిలబడ్డ గడియ యాదికొచ్చింది.
ఏం జేసిన?
గుర్రం పక్కపొంటి నిలబడి చీజు గడ్డలన్ని తిన్న,
ఒకటెంక ఒకటి, పదమూడు.

పటం మీద వేలు పెడితే ఊరు మారుతదట.
నేను పెట్ట. నడుస్త.
ఒక ఊళ్లె బాయి కాడ ఆడామె
ఎప్పుడు పోయినా గదొక్క మాటే అంటది:
"ఈ యేడు వానలు మస్తు పడ్డయి."
కిటికి బయట నలభై ఆరు డిగ్రీలు.
మల్ల నొక్కుత.
"ఈ యేడు వానలు మస్తు పడ్డయి."
మల్ల.

డబ్బల రోమెల్ ఆట ఒకటి అట్లనే ఉండె.
తుడిచేయమన్నడు, జాగ దొరుకుతదని.
తెరిచి చూసిన.
ఎర్ర జుట్టుతోటి వంతెన మీద నిలబడి ఉన్నడు,
లెవల్ అరవై రెండు.
సంచిల మందు సీసాలు మూడు వందల పన్నెండు.
ఏడేండ్లు ఆడిండు ఈ గదిలనే, ఈ మంచం మీదనే.
పెద్ద రాక్షసుని కోసమని దాచిండో,
దాచుడే అలవాటయిందో.
వంతెన అవతల మంచు.
ఏమున్నదో పోయి చూడలే, నాది గాదు గద.

ఇయ్యాల బియ్యం ఉడుకుతుండంగ
మల్ల తెరిచిన.
ఎడమ పుల్ల ఉత్తరానికి గుంజింది,
వంతెన గోడకు గుద్దుకున్నడు.
నెత్తుటి గీత గోరంత తగ్గింది.
ఊకుంటే అదే మానుతది, తెలుసు.
అయినా ఒక సీసా తాగిపిచ్చిన.

మూడు వందల పదకొండు.

"గేమ్ల గూడ గోలీలేనా" అనుకుంట
ఎల్లేశం కుక్కర్ మూత తీసిండు.