ముంపు గీత

అట్ట మీద గుండ్రంగా బంగారు బిళ్ళ.
ఢిల్లీలో చప్పట్ల మధ్య అంటించింది.
ఊడిపోలేదు కదా అని
రోజుకోసారి గోరుతో తడిమి చూసుకునేదాన్ని.

"రేటు చీటీయాండీ?" అన్నాడు వీరబాబు.
ప్రైజు అన్నాను.
"పుస్తకానికా, మీకా?"
ఆ మాట అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు.

కోటిపల్లి రేవు దాటి, చెప్పులు చేత పట్టుకుని ఇసుకలో నడిచి,
మళ్ళీ చిన్న పడవెక్కి ఈ లంకకొచ్చాను,
ఐదు పుస్తకాలు, ఒక బిస్కెట్ల డబ్బాతో.
ఒకటే గది బడి. ఇరవై ముగ్గురు.
కొబ్బరి పీచు వాసన, తడి పలకల వాసన.

నా పుస్తకంలో గోదారి నీలం.
ఆ నీలానికి మూడు నెలలు పట్టింది నాకు,
కలిపి, కడిగి, మళ్ళీ కలిపి.
న్యాయనిర్ణేతలు దాని గురించే ఒక పేరా రాశారు.
ఒడ్డున తెల్లగోడల ఇళ్ళు, ఎర్ర పెంకులు,
ప్రతి గుమ్మంలో ఒక పిల్లి.
(పిల్లుల్ని కూడా మెచ్చుకున్నారు.)

అందరూ పిల్లుల్ని లెక్కపెడుతుంటే
ఎస్తేరు మాత్రం పేజీ తిప్పదు.
కాగితం వాసన చూసింది. తలకిందులుగా పట్టుకుంది.
చివరికి, నా మీద జాలిపడ్డట్టు అడిగింది:
"ఈ ఊళ్ళోకి ఎప్పుడూ నీళ్ళు రాలేదాండీ?"

అదేంటన్నాను.
చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది.
సున్నం మీద బొగ్గుతో అడ్డగీతలు, పక్కన సంవత్సరాలు.
ఎనభై ఆరు నా తలకంటే పైన,
ఎవరో బల్లెక్కి రాసినట్టు.
దాని కింద ఇరవై రెండు.
ఇంకా కింద, ఏడాది రాయని చిన్న వరదలు.
గీతల మధ్య పిల్లల పేర్లు.
ఈ బడిలో ఎత్తు కొలిచేది అలాగేనట.
"నేను ఇరవై దాటేశానండి.
వీరబాబుగాడు ఇంకా పందొమ్మిదిలోనే మునుగుతాడు."
వాడు మునివేళ్ళ మీద నిలబడి కాదన్నాడు.

తర్వాత జరిగింది నేను ఆపగలిగిందే. ఆపలేదు.
వేలు నాలిక మీద తడిపి,
గోడ మూలన పేరుకున్న ఒండ్రుమట్టి అద్దుకుని
నా మొదటి పేజీ ఇంటి మీద గీత గీసింది.
రెండో పేజీ. మూడో పేజీ.
గడప పైన, కిటికీ నడుమ, పిల్లుల మీదుగా,
మూడు నెలల నీలం మీదుగా
ముదురు టీ రంగు గీత,
తాపీమేస్త్రీ తాడు పట్టినట్టు, ఎక్కడా వంకర పోకుండా.

ఆఖరి పేజీలో పాప మంచం మీద నిద్రపోతుంటుంది.
గీత మంచం దాకా వచ్చి ఆగింది.
ఎస్తేరు నా వైపు చూసింది.
"లేపుదామా?"

పెన్సిలిచ్చాను.
మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టింది, ఒక్కో కోడుకి నాలుగు.
చాలవనిపించి అటకేసింది.
అటక మీద పాప, పక్కన బియ్యం డబ్బా,
కాళ్ళకి తాడు కట్టిన అసలు కోడి,
ఇంటిల్లిపాది ఆధార్ కార్డులున్న పాలిథిన్ సంచి.
ఆ సంచినే ఎక్కువసేపు వేసింది, ముడితో సహా.

అట్ట మూశాక దాని మీదా ఒక గీత.
బంగారు బిళ్ళ సగానికి మునిగింది.

నాలుగు పుస్తకాలు వాళ్ళకిచ్చి
ఆ ఒక్కటీ అడిగి తెచ్చుకున్నాను.
మట్టి రాలిపోకుండా కొంగు కప్పబోతుంటే
పడవలో పెంటయ్య, గెడ వేస్తూనే, ఉండమన్నాడు.
పదకొండో పేజీ. పడవ బొమ్మ.
గెడ నీళ్ళలో నిలిపి మరీ చూశాడు.
"బావుందండి. అన్నీ బావున్నాయండి.
ఆ మనిషి గెడ అలా పట్టాడంటే మాత్రం"
అని ఆగి, పొగాకు ఉమ్మి, మళ్ళీ గెడ ఎత్తి,
"ఏట్లో పడతాడండి."