మూడు గళ్ల నోట్‌బుక్

ఐలేశ్‌కి ముప్పై ఎనిమిదేళ్లు.
లాలాపేటలో మా సెంటర్‌లో
మందుల షాపు కవర్లు అంటిస్తాడు.
మైదా జిగురు వేలికి ఎంత తీసుకోవాలో
అతనికి తెలిసినట్టు నాకు తెలీదు.

అతని పేరు మీద ఒక నోట్‌బుక్ ఉంది, రాసేది నేను.
స్కేలు పెట్టి గీసిన మూడు గళ్లు:
ముందు ఏం జరిగింది,
అతను ఏం చేశాడు,
తర్వాత ఏమైంది.

నడిమి గడి ఎప్పుడూ నిండే ఉంటుంది.
మణికట్టు కొరుక్కున్నాడు. చెప్పు విసిరాడు.
బల్లకింద దూరి మధ్యాహ్నం దాకా రాలేదు.
మొదటి గడిలో ఆర్నెల్ల పాటు
నా చేతిరాతే: "కారణం తెలియదు."

కారణం తార్నాక బస్టాపు దగ్గర
జిరాక్స్ షాపు అరుగు మీద కాళ్లూపుతూ కూర్చుని ఉందని
వాళ్ల వదిన బాలమణి వచ్చి చెప్పేదాకా.
నలుగురు పోరగాళ్లు. టోపీ గుంజుతారు.
"డాన్స్ చెయ్, ఇస్తం" అంటారు.
చేస్తాడు.
ఫోన్లో తీస్తారు.
టోపీ ఇయ్యరు.

ఆ రోజు మొదటి గడి చాల్లేదు,
మార్జిన్ దాటి రాశాను.
అట్ట మీద మాత్రం ఇంకా
"సమస్యాత్మక ప్రవర్తన: ఐలేశ్."
ఆ నలుగురి కోసం ఎవరూ నోట్‌బుక్ కొనలేదు.

షాపాయనతో మాట్లాడాం. "పిల్లలమ్మా, సరదా" అన్నాడు.
కానిస్టేబుల్ ఒకరోజు వచ్చి నిలబడ్డాడు,
ఆ ఒక్కరోజు వాళ్లు రాలేదు.
మిగిలిన రోజులకి మిగిలింది సాధన.

కుర్చీలు వరసగా వేసి బస్టాపు చేశాం.
అరచెయ్యి ఎదురుగా పెట్టు. "ఆగు" అను. ఒక్కసారే.
రెండడుగులు వెనక్కి.
బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ల వైపు నడువు.
జేబులో కార్డు చూపించు.
అన్నిటికంటే ముందు ఊపిరి,
వేడి చాయ్ ఊదినట్టు.

పోరగాడి వేషం నాది.
టోపీ మెల్లగా లాగాను,
ఆరిన బట్ట తీగ మీంచి తీసినట్టు.
ఐలేశ్ నవ్వాడు. "గట్ల గాదు మేడం.
తిట్టాలె."

తిట్టాను.
ఏం తిట్టానో ఇక్కడ రాయను.
వెతుక్కోకుండానే వచ్చాయి మాటలు,
ఎప్పుడు ఎవరి దగ్గర విని దాచుకున్నానో,
నోట్లో అంత తయారుగా.
అతని చెయ్యి లేచింది, వణికింది,
పళ్లకి అందే ముందు ఆగింది.
కప్పు లేని చాయ్‌ని ఊదాడు.
ఇద్దరం చాలాసేపు ఊదాం.

పిల్లర్లు లెక్కపెట్టడం నేను నేర్పింది కాదు.
మెట్టుగూడ దాకా మెట్రో పిల్లర్ల నంబర్లు
బస్సు కిటికీలోంచి హాజరు వేసినట్టు చదువుతాడు.
ఒకదాని నంబరు కోచింగ్ సెంటర్ పోస్టర్ కింద పోయింది.
అక్కడికి రాగానే "గీయన దాక్కుండు" అంటాడు.
దిగేసరికి తలకాయ తేలికవుతుందట.
నా ట్రైనింగ్ కాగితాల్లో ఈ ముక్క లేదు.

టోపీ ఇంకా పోతూనే ఉంది, నెలకి ఒకటి.
బాలమణి మోండా మార్కెట్లో ఆరు కొని పెట్టింది.
పాత గాట్లు మానాయి, కొత్తది ఒకటుంది.
డబ్బులిచ్చేవాళ్లు రిపోర్టులో
"మార్పు వచ్చింది" అని రాయమంటారు.
నేను "మంగళవారం కొరుక్కోలేదు" అని రాస్తాను.

నిన్న సాయంత్రం వాచ్‌మన్ గుమ్మంలో తాళాలు ఆడిస్తున్నాడు.
ఐలేశ్ ముందు ఇంకా మూడు కవర్లు.
"చాలు లే, రేపు చేద్దువు" అని
చేతిలోది లాగబోయాను.

అరచెయ్యి లేచింది, నా మొహానికి ఎదురుగా.
"ఆగు."
ఒక్కసారే.

రెండడుగులు నేనే వెనక్కి వేశాను.
మూడూ మడిచాడు, అంచులు గోటితో నొక్కి నొక్కి.
టోపీ పెట్టుకున్నాడు.

రాత్రి నోట్‌బుక్ తెరిచి
"ముందు ఏం జరిగింది" గడిలో
నా పేరు రాశాను.