కొయ్య వాల్చు

ఆటోనగర్‌లో నా లేతు పక్కన
ఇనప రజను తుడిచిన బల్ల మీద మొదలైంది పడవ.
కాగితం మీద దాన్నెవరూ గీసి పెట్టలేదు.
ఉన్నవల్లా నాంచారయ్య చేతులు.
రెండూ చాచి "బార" అంటాడు.
మోచెయ్యి బల్లకానించి "మూర."
నేను టేపు పట్టి ఆ మోచేతిని కొలిచాను.
ఎనభై ఎనిమిదేళ్ల మూర
పద్దెనిమిదప్పుడూ ఇంతేనా తాతా?
"కండ అరుగుద్ది గానీ ఎముక అరగదురా మస్తానూ."

ముప్పై మూరల పడవ.
బెజవాడలో బియ్యం ఎత్తి, బందరులో దించి
ఉప్పుతో తిరిగొచ్చేది.
పదిహేనో వంతుకి దించితే రెండు మూరలు.
కొండపల్లిలో బొమ్మలవాళ్లు ఏనుక్కి పనికిరాదని
పక్కన పడేసిన తెల్ల పొణికి దుంగ తెచ్చాను.
పక్కచెక్కలు ఆవిరి పట్టి వంచడానికి
జరీనా ఇడ్లీ పాత్ర నెల్లాళ్లు నా దగ్గరే ఉంది.
మంగళగిరి పంచె చింపి తెరచాప.
కానూరు కాలేజీ పిల్లలు డ్రోను కూలగొట్టుకుని
సగం ధరకి అమ్మిన రిమోటు.
ఒక పుల్ల చుక్కానికి,
ఒక పుల్ల చాప తాడుకి.
"తాడు కాదు. దామాను."
సరే, దామానుకి.

తొట్టిలో దించగానే పక్కకి పడుకుంది.
గాలి కూడా లేదు.
తెలిసినవాళ్లు చెప్పారని
అడుగున సీసపు రెక్క బిగించాను. లేచి నిలబడింది.
తాత మొహం తిప్పుకున్నాడు.
"మా పడవకి కాలు లేదు.
కాలున్న పడవ మొదటి మలుపులోనే బురదలో దిగబడుద్ది.
ఉత్త పడవకి చాప ఎత్తినోణ్ణి
మా నాన్న తెడ్డు పెట్టి కొట్టేవాడు.
బస్తాలేవిరా?"

ఆ రాత్రి లెక్కేశాను.
పొడవూ వెడల్పూ ఎత్తూ పదిహేనో వంతైతే
డెబ్భై అయిదు కిలోల బస్తా ఇరవై రెండు గ్రాములు.
రెండొందల బస్తాలు కావాలి.
జరీనా నా పాత లుంగీ కత్తిరించి
నూట తొంభై ఆరు కుట్టి
"మిగతా నాలుగూ నువ్వు కుట్టుకో" అని మిషను మూసింది.
సీసం పోస్తే ఇరవై రెండు గ్రాములకి
సంచి అడుగు కూడా కప్పలేదు.
బియ్యం పోశాను.
మూతి కట్టే చోటికి సరిగ్గా ఇరవై రెండు.
పడవలో చెక్కా మేకూ చాపా అన్నీ పదిహేనో వంతు,
గింజ ఒక్కటే నిండు గింజ.
రెక్క ఊడదీసి పాతసామాను డబ్బాలో పడేశాను.

బ్యారేజీ నుంచి బందరు కాలవకి నీళ్లొదిలిన వారం,
గుర్రపు డెక్క లేని సందు చూసి దించాం.
పడమటి గాలి.
రిమోటు ముందు తాతకే ఇచ్చాను.
రెండు నిమిషాలు పట్టుకుని తిరిగిచ్చేశాడు.
"దీంట్లో గాలి బరువు చేతికి తెలవట్లా."
ఆయన నోటితో చెప్పాడు, నేను పుల్లలు కదిపాను.
"వదులు. ఇంకొంచెం. ఆఁ, పట్టు."
చాప పొట్ట పెట్టింది.
రెండొందల బస్తాలతో
అంచుదాకా మునిగి, తొణక్కుండా,
బందరుకేసి తిరిగింది పడవ.
గట్టు మీద ఆయన దాని వెంటే నడుస్తున్నాడు,
ఒక భుజం దించి,
గాలి లేని రోజుల తాడు ఇంకా ఒరుసుకుంటున్నట్టు.

ముందు వంతెన. పైన ఇసక లారీ.
"కొయ్య వాల్చు!"
నా దగ్గర మూడో పుల్ల లేదు.
కొయ్య మొదట్లో ఇత్తడి మడత బందు ఉంది,
నా లేతు మీద నేనే తిప్పింది,
వేలితో తోస్తే వాలుద్ది. గట్టు మీంచి కాదు.
"వాల్చరా, తగుల్తది!"
తగలదు తాతా, రెండడుగుల కొయ్య,
పైన ఇంకా మనిషెత్తు ఖాళీ ఉంది
అనేలోపే నీడలోకి వెళ్లిపోయింది.

గట్టు మీద నాంచారయ్య
తల వంచాడు.
అవతల ఎండలో మళ్లీ చాప కనపడిందాకా
ఎత్తలేదు.