తొలి నీళ్లు

రాత్రి పదకొండు దాటాక కుళాయి ముట్టుకోవద్దని
కాగితం మీద రాసిచ్చి వెళ్లాను.
పొద్దున ఐదున్నరకి మళ్లీ వచ్చాను.
గ్లాస్గోలో ఇంకా చీకటి. వాన తన మామూలు వాన.
నాలుగో అంతస్తుకి డెబ్భై ఆరు మెట్లు,
సంచిలో ఖాళీ సీసాలు ఒకదాన్నొకటి గోకుతూ.

తలుపు తీసింది సెంగా. చంకలో ఎఫీ,
పదినెలల పిల్ల, పాలసీసా నోట్లోంచి తియ్యలేదు.
"ఒక్క చుక్క వాడలేదు," అంది సెంగా,
"తాత మాత్ర కూడా పాలతోనే మింగాడు."

రాత్రంతా గొట్టంలో నిద్రపోయిన నీళ్లు
లేచీ లేవకముందే పట్టాలి.
అందరూ పారబోసే ఆ మొదటి చెంబుడే నాకు కావాలి.
లీటరు నిండింది. దీపానికి ఎత్తి చూశాను.
ఎంత చక్కటి నీళ్లు!
రంగు లేదు, వాసన లేదు,
నాలుక చెప్పుకునే చాడీ ఒక్కటీ లేదు.

"మరగబెడితే పోదా?"
పోదు. మరిగేకొద్దీ నీళ్లు పోతాయి, అది ఉంటుంది.
"మరి ఎంత ఉంటే పరవాలేదు?"
సున్నా, అన్నాను.
సీసం పక్కనే ఉంది ఆ సున్నా, ఎవరూ చూడరు.
దాన్ని చెరిపి దీర్ఘం పెడితే చాలు,
పిల్ల చేతిలో సీసా అయిపోతుంది.

ఇక్కడి నీళ్లు కొండల నడుమ సరస్సు నుంచి వస్తాయి.
మెత్తటి నీళ్లు. సబ్బు తాకితే చాలు నురగ,
జుట్టు ఆరితే పట్టు. ఊరంతా గొప్పలు పోతుంది.
మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు గానీ
ఇక్కడ మొత్తింది మెత్తనిదే.
గట్టి నీళ్లయితే గొట్టానికి లోపల సున్నం పూసి
తన దారిన తాను పోయేది.
ఇది అలా కాదు, ప్రేమగా నాకుతూ వస్తుంది.

వంటగది కుర్చీలోంచి మక్రే ముసలాయన
చేతికర్రతో సింకు కింది తలుపు తెరిచాడు.
"ఆ అతుకు చూడు. నాదే.
ఇరవై రెండేళ్ల వయసులో వేశాను.
సీసమూ తగరమూ కరిగించి పోసి, గుడ్డకి కొవ్వు రాసి,
చల్లారేలోపు ఒకే ఒక్క తుడుపు.
మా మేస్త్రి వచ్చి చూసి ఏమీ అనలేదు.
ఆయన ఏమీ అనకపోతే, అదే మెప్పు."
కోడిగుడ్డంత నునుపు. ఎక్కడా గీత లేదు.
"ఇన్నేళ్లలో ఒక్క చుక్క కారలేదు," అన్నాడు.

నిజమే.
బయటికి ఒక్క చుక్క కారలేదు.

మూడు వారాలకి నీళ్ల అంకె వచ్చింది.
ఆ వెనకే ఎఫీ రక్తం అంకె.
ముసలాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని
లెక్క తప్పిందేమోనని చాలాసేపు చూశాడట.
గోడకి ఇవతలిది ఇంటి యజమాని గొట్టం, అంది నగరం.
గోడకి అవతలిది నగరానిది, అన్నాడు యజమాని.
గోడ ఎవరిదని సెంగా రాసింది,
పదకొండు ఉత్తరాలు.
ఆ చెవుల్లో కూడా ఎవరో అదే పోసి
చల్లారాక ఒక్క తుడుపు తుడిచినట్టున్నారు.

గొట్టం తెంచినది మే నెలలో. నేనూ వెళ్లాను, పని లేకపోయినా.
పంతొమ్మిదేళ్ల కుర్రాడు రంపం పెడితే
వెన్నలా తెగింది.
తెగినచోట ఒక్క క్షణం వెండి,
తర్వాత మళ్లీ పాత బూడిద రంగు.

అతుకు ముక్క ఇమ్మన్నాడు ముసలాయన.
వార్తాపత్రికలో చుట్టి ఒళ్లో పెట్టాను.
అంత చిన్నది, ఎంత బరువో!
కాగితం విప్పి బొటనవేలితో
ఆ నునుపు వెంట అటూ ఇటూ పోయాడు,
తన పనిని తానే తనిఖీ చేస్తున్నట్టు.
అప్పుడే నేల మీద పాకుతూ ఎఫీ
ఆయన మోకాలు పట్టుకుని లేవబోయింది.

రెండు చేతులూ పైకెత్తేశాడు, దొంగ దొరికినట్టు.
"ఉండు తల్లీ, ఉండు.
చేతులు కడుక్కుని వస్తా."
మెల్లగా లేచి వెళ్లి
కొత్త కుళాయి తిప్పాడు.
చేతులు పెట్టకుండా
చాలాసేపు, చాలాసేపు వదిలేశాడు.