తాడు రెండో కొస

మ్యాన్‌హోల్‌లోకి దిగేముందు
మా నాన్న నడుముకి తాడు కట్టుకునేవాడు.
ఒకసారి లాగితే బక్కెట్ దించమని.
రెండుసార్లు లాగితే నన్ను పైకి లాగమని.
రెండో కొస పట్టుకునేది మా ఎజ్రా చిన్నాన్న.
ఆ కాసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

పుళియంతోపులో మాకు ఆల్బములు లేవు.
వానాకాలం ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు,
కాగితం మా దగ్గర నిలవదు.
అందుకే ఆరేళ్లుగా అన్నీ ఆ పేజీలోనే పెట్టాను:
గురవయ్య పెదనాన్న పొక్కిన చేతులు
(వాటి కిందే ఒకసారి సబ్బు ప్రకటన వచ్చింది),
ఫొటో దిగాక తిరిగి తీసేసుకున్న కొత్త గ్లౌజులు,
మరియక్క పెళ్లి,
నెల్లూరువాళ్లు వింటే తమిళమనీ
ఇక్కడివాళ్లు వింటే గొల్టీ అనీ నవ్వే మా తెలుగు,
మా అవ్వ నోట, నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.

ఇంకా ఆ వీడియో.
వ్యాసర్పాడి స్టేషన్ వెనక, తెరిచిన మూత.
చిన్నాన్నకి ఆ రోజు జ్వరం.
అన్నం క్యారేజీ తీసుకెళ్లి నేను తీసింది.
"ఏమీ కాదు, దిగు" అంటున్న మేస్త్రీ మొహమే తీస్తున్నాను.
పక్కన తాడు రెండో కొస
లారీ బంపర్‌కి కట్టి ఉంది.
అది రెండుసార్లు కదలడం
మూడోరోజు ఇంట్లో చూసుకుంటే కనిపించింది.

మొన్న ఒక మంగళవారం పొద్దున
పేజీ లేదు. నా పేరు లేదు.
"మీ ఖాతా మా సముదాయ ప్రమాణాలకు విరుద్ధం.
మృతదేహాలను ప్రదర్శించారు."
ప్రదర్శించాను.
దేహాల్ని మృతం చేసింది నేను కాదు.

అప్పీల్ అని ఒక బటన్ ఉంది. నొక్కాను.
నువ్వు నువ్వేనని రుజువు చెయ్యమంది.
మొహం కుడికి తిప్పమంది, ఎడమకి తిప్పమంది.
పోలీసులు కూడా అన్నిసార్లు తిప్పరు.
ఇరవై నాలుగు గంటలు ఆగమంది.
ఆ గంటలకి ఇవాళ నలభై ఒక్క రోజులు.
రెండోసారి లాగాను.
"ఈ నిర్ణయాన్ని పునఃసమీక్షించడం సాధ్యం కాదు."
తెలుగులోనే.
మా అవ్వ తెలుగుకంటే చాలా శుభ్రమైన తెలుగులో.

తరమణిలో వాళ్ల ఆఫీసుందంటే కాలేజీ మానేసి వెళ్లాను.
అద్దాల గోడ. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న.
"ఇక్కడ ప్రకటనలు అమ్మేవాళ్లేనమ్మా.
నీ మాట వినేవాళ్లు ఈ బిల్డింగులో లేరు.
ఎక్కడున్నారో నాకూ చెప్పలేదు."
ఉత్తరం తీసుకోలేదు. తాగడానికి నీళ్లిచ్చాడు.
ఆయన కుర్చీ పక్కన, పూలకుండీల మధ్య,
నున్నగా మెరిసే మ్యాన్‌హోల్ మూత.
ఇందులోకి ఎవరు దిగుతారన్నా అని అడిగాను.
"ఏజెన్సీవాళ్లు. రాత్రిపూట వస్తారు."

లాయర్ నళినాక్షి మేడం అడిగేది ఒకటే,
"ఒరిజినల్ ఏది?"
ఒరిజినల్ ఉన్న ఫోను డిసెంబరు నీళ్లలో పోయింది.
పోతే పోయిందనుకున్నాను, పేజీ ఉంది కదా.
వాన రాని చోటు అనుకున్నాను.

తప్పు ఎవరికైనా జరుగుతుంది.
చిన్నాన్నకీ ఒకసారి తాడు జారింది.
నాన్న బతికాడు ఆ రోజు, మురుగు మింగి.
అప్పట్నించి చిన్నాన్న కొసని
మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకునేవాడు.
ఆ గీత ఇంకా పోలేదు.
ఆరేళ్లు మా చావుల పక్కన సరుకులు అమ్ముకున్నవాళ్లు
ఒక్క చుట్టు చుట్టుకోలేరా?

చిన్నాన్నకి ఫోన్ సంగతులు తెలీవు.
రోజూ రాత్రి అన్నం ముందు కూర్చుని అడుగుతాడు,
"అవతల ఎవరన్నా పట్టుకున్నారా బిడ్డా?"
పట్టుకునే ఉంటారు చిన్నాన్నా అంటాను.
ముద్ద కలుపుతూ ఆగి
నా వేళ్లకేసి చూస్తాడు.
"పట్టుకుంటే
నీ చేతికి బిగువు తెలియాలే."