తొంభై ఆరు పేజీలు

గ్రీమ్స్‌పేటలో నాది అద్దె పుస్తకాల బంకు.
ఆ నవల తొంభై ఆరు పేజీలు, దినానికి రెండ్రూపాయలు.
మొదటి వాక్యంలోనే నీవా ఏటి ఇసకలో శవం.
ఆరో పేజీకి ఇంకొకటి.

బెల్లం మండీలో కాటా వేసే మునెప్ప
నిలబడే చదివేసి ఇచ్చినాడు.
"తూకం సరిపోయిందబ్బా. ఒక్క మాట మొగ్గు లేదు."

లెక్చరర్ హేమాద్రి సారు
చచ్చిన ఎలకను తెచ్చినట్టు
రెండేళ్లతో పట్టుకొచ్చినారు.
"దీంట్లో ఒక్క మంచోడూ లేడే!"
ఆయన గుర్తుకు పెట్టిన కాట్పాడి బస్సు టిక్కెట్టు
ఎనభై తొమ్మిదో పేజీలో దొరికింది.

రిటైరైన హెడ్డు కానిస్టేబులు జయరామ పిళ్లె
అంచుల్లో పెన్సిలుతో తప్పులు దిద్దినాడు:
లాఠీ దెబ్బకు ఇట్ల రక్తం రాదు.
స్టేషన్లో ఫ్యాను తిరగదు.
నలభై ఒకటో పేజీలో
లాకప్పులో పిల్లోడు నీళ్లడిగే కాడ
ఏమీ రాయలేదు.
పెన్సిలు మొన గుచ్చుకుని
కాగితానికి చిల్లు పడి ఉండాది.

పెద్దాసుపత్రి నర్సు ఎస్తేరమ్మ
నైట్ డ్యూటీకి మూడుసార్లు తీసుకుపోయింది.
"అంత బాగుందామ్మా?"
"బాగుండేదేముంది, మా మార్చురీ మాదిరే ఉండాది.
కాకుంటే దీంట్లో ఎవుడో ఒకడు
ఈ మనిషి ఎవురూ అని అడగతా తిరగతా ఉండాడు."

కడాపటి పేజీ ఎవురో చించుకుపోయినారు,
ఎప్పుడో తెలీదు.
హంతకుడి పేరు దాంట్లోనే.
ఇంతవరకూ ఎవురూ వచ్చి అడగలేదు.
నేనూ అడగలేదు.
అద్దె మాత్రం
తొంభై ఆరు పేజీలకే తీసుకుంటా ఉండా.